బిడ్డకి పడక దొరికింది, తల్లి ఏమైంది?

మీరా నాయర్ తీసిన ‘సలాం బాంబే’ (1988) గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు కూడా కృష్ణ దగ్గరే ఆగిపోతారు. బండి తగలబెట్టిన తప్పుకి ఐదొందలు సంపాదించుకుని గానీ ఇంటికి పోలేని పిల్లాడు. సర్కస్ వాళ్లు వదిలేసి పోతే రైలెక్కి బొంబాయి చేరతాడు. వీధి పిల్లలకే తర్ఫీదిచ్చి నటింపజేసిన సినిమా అది. కాన్ ఉత్సవంలో కెమెరా డోర్ బహుమతి తెచ్చుకుంది. దాన్నుంచే సలాం బాలక్ ట్రస్ట్ పుట్టింది. ముంబైలో, ఢిల్లీలో పిల్లలకి అన్నం, పడక, చదువు చూసింది. ప్లాట్‌ఫారం మీద బతికే పిల్లాడికి ఒక్క రాత్రి భయం లేకుండా నిద్రపట్టడం ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు. మా పేచీ ఆ నిద్రతో కాదు.

మేం మంజు దగ్గర ఆగుతాం. మంజు తల్లి రేఖ ఒళ్లమ్ముకుని బతుకుతుంది. పోలీసులు పిల్లని పట్టుకుపోతారు. తల్లి పోయి అడిగితే, నీలాంటిదానికి బిడ్డనివ్వం పొమ్మంటారు. సినిమాలో అన్నిటికన్నా నిజమైన ఘట్టం అదే. బిడ్డని కాపాడ్డమంటే తల్లి నుంచి కాపాడ్డమేనన్న లెక్క అక్కడ బయటపడుతుంది. ఆ తల్లి ఆ గదిలోకి ఎలా వచ్చిపడిందో ఆఫీసు అడగదు. సినిమా కూడా అడగదు. కృష్ణది ఏ వాడ, రేఖది ఏ కులం అన్న మాట మాకెక్కడా వినబడలేదు. కులం తీసేసిన పేదరికం చూడ్డానికి సుఖంగానే ఉంటుంది. హాలు బయటికొచ్చి చందా రాసిస్తే రుణం తీరిపోతుంది.

అదే బొంబాయిలో పేవ్‌మెంటు తల్లులు వేరే దారి పట్టారు. పేవ్‌మెంటు వాసుల కేసులో సుప్రీంకోర్టు 1985లో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనంది. అంటూనే, నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ అంది. ఆ మరుసటేడు బైకుల్లా వైపు ఆడవాళ్లు ‘మహిళా మిలన్’ గా కూడారు. రూపాయి రూపాయి పొదుపు చేశారు. తమ ఇల్లు ఎలా ఉండాలో తామే కొలతలు వేసుకున్నారు. వాళ్లడిగింది బిడ్డకో పడక కాదు, బిడ్డతో కలిసుండే ఇల్లు. దీన్ని సేవ అనరు. దీని మీద సినిమా రాలేదంటే మాకేం ఆశ్చర్యం లేదు.

తల్లి కనబడకపోతే పోయేది ప్రేమ ఒక్కటే అయితే ఇంత రాయం. పోయేది హక్కు కూడా. ఆంధ్రప్రదేశ్ బి.సి. జాబితా ‘ఎ’ గ్రూపులో అనాథ పిల్లలున్నారు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసే దిక్కులేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమంలో చేరినవాళ్లకి అది వర్తిస్తుంది. ఏ ఆసరా లేని పిల్లలకి అది ఆసరాయే, కాదనం. కానీ మాల, మాదిగ బిడ్డ వెంట చెప్పే మనిషి లేకపోతే రిజిస్టరులో ఆ బిడ్డ ఉట్టి ‘అనాథ’ అవుతుంది. ఎస్సీ సర్టిఫికెట్ అడగడానికి ఏ ఊరు పోవాలో, ఎవర్ని సాక్ష్యం పిలవాలో తెలీదు. వెలివాడ గాయం ఒంటిమీదుంటుంది, కాగితం మీద ఉండదు.

గుజరాత్‌లో తండ్రి అగ్రకులం, తల్లి గిరిజనురాలైన ఒకతని కేసులో 2012లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. తండ్రి కులమే బిడ్డ కులమని గుడ్డిగా తీర్మానించకూడదు. తల్లే పెంచితే, తల్లి పడ్డ అవమానాలే బిడ్డా పడితే, అది రుజువు చేసుకుని తల్లి పక్షాన హక్కు అడగొచ్చు. అంటే బిడ్డ కులానికి తల్లి సాక్షి. సాక్షిని గేటు బయట నిలబెట్టి బిడ్డని లోపలికి తీసుకునే దయ, ఆ బిడ్డ చేతిలోంచి ఏం లాక్కుంటుందో సేవ చేసేవాళ్లకి తెలియకపోవచ్చు. మనకి తెలియాలి.

ఫీల్డు వర్కు పేరుతో ఇలాంటి హోములకి వెళ్లే విద్యార్థులని మేం అడిగేది చిన్నది. పిల్లాడి కథ అందరూ అడుగుతారు. చెప్పి చెప్పి వాడికి నోటికొచ్చేసి ఉంటుంది. మీరు రిజిస్టరు తెరవమనండి. తల్లి ఊరు, వాడ, ఆమె చేసిన పని, చివరిసారి ఎక్కడ కనబడిందీ రాశారో లేదో చూడండి. రాయకపోతే, అక్కడే కూచుని, బిడ్డకి గుర్తున్నంతవరకూ రాయించండి.