తుపాకుల కోసం స్నేహితుణ్ణి కొట్టవచ్చా? – ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమాపై నా అభిప్రాయం

‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా చూడనివాళ్లు మన బడిలో ఎవరూ ఉండరనుకుంటా. 2022 మార్చి 25న విడుదలైంది. మరుసటి ఏడాది ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు పద్మానగర్‌లో మా గల్లీ పిల్లలమంతా రోడ్డు మీదే ఆ స్టెప్పు వేశాం. అప్పుడు నాకు పాట, పులి, ఫైటింగులు తప్ప ఏమీ గుర్తులేవు. మొన్న సెలవుల్లో టీవీలో వేస్తే బాపుతో కూర్చుని మళ్లీ చూశాను. ఈసారి కథ వేరేగా కనిపించింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

రాజమౌళి గారు తీసిన ఈ కథ 1920 నాటి ఢిల్లీలో జరుగుతుంది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ పేర్లు నిజమైనవే గానీ వాళ్లు కలవడం, స్నేహం చేయడం కల్పన. రాముడు తెల్లవాళ్ల పోలీసుల్లో చేరతాడు. ఆయుధాలు ఉండే చోటికి చేరి, వాటిని దోచి తన ఊరికి పంపాలన్నది అతని పథకం. ఊళ్లో ప్రతి చేతికీ తుపాకీ ఇస్తానని చనిపోయే తండ్రికి మాట ఇచ్చాడు. భీముడేమో గవర్నర్ స్కాట్ ఎత్తుకుపోయిన మల్లి అనే గోండు పిల్లను విడిపించడానికి వచ్చాడు. అక్తర్ అనే పేరు పెట్టుకుని ఒక ముస్లిం ఇంట్లో తలదాచుకుంటాడు. మా భివండీలో పైన మేము, కింద అన్సారీ చాచా వాళ్లు ఉంటాం. అందుకే ఆ ఇల్లు నాకు సొంత ఇల్లులాగే అనిపించింది.

సినిమాలో బాగున్నది చెప్పకుండా తప్పులే చెప్తే న్యాయం కాదు. పగ తీర్చుకోవడం చాలా తెలివిగా చూపించారు. మొదట్లోనే మల్లి తల్లిని కాల్చబోయిన సిపాయిని స్కాట్ ఆపుతాడు. దయతో కాదు, ఆమె మీద తూటా ఖర్చు పెట్టడం దండగని! ఆ తూటా లెక్క చివరిదాకా మనకు గుర్తుంటుంది. ఆఖరికి అదే లెక్క అతనికి అప్పజెప్తారు. కొరడా సీను కూడా గొప్పగా ఉంది. భీముడు మోకాళ్ల మీద కూర్చోడు, పాట పాడతాడు. చూస్తున్న జనం తిరగబడతారు. తుపాకీ చేయాలనుకున్న పని ఒక మనిషి పట్టుదల చేసిందని రాముడికి అప్పుడు తెలుస్తుంది.

ఆ సీను దగ్గరే బాపు లేచి బయటికి వెళ్లాడు. నీళ్లు తాగడానికేమో అనుకున్నాను. సినిమా అయిపోయాక అడిగితే చెప్పాడు.

రెండేళ్ల కింద బాపు పనిచేసే కార్ఖానాలో సాంచాలు నడిపేవాళ్లంతా మీటరు కూలి పెంచమని సేఠ్‌ను అడగాలనుకున్నారు. అందరం ఒకేసారి వెళ్లాలని మాట అనుకున్నారు. ముందు రోజు రాత్రే ఒకాయన పోయి సేఠ్‌కు చెప్పేశాడు. ఆయన బాపుకు మంచి దోస్తు, మా ఊరి మనిషే. మరునాడు బాపును సాంచాల మీద నుంచి తీసేశారు. నెలరోజులు పని లేదు. ఆ దోస్తుకు బిడ్డ పెళ్లి అప్పు ఉండెనట.

“ఆయనకూ కారణం ఉంది బిడ్డా. కారణం లేనోడు ఎవడు? నా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పలేదు, గదే నా బాధ” అన్నాడు బాపు.

ఈ మాట విన్నాక నాకు సినిమాలో లోపం ఎక్కడుందో అర్థమైంది. పాము కాటేసినప్పుడు రాముణ్ణి బతికించేది భీముడు. నమ్మి తన రహస్యం చెప్పేది కూడా భీముడే. రాముడు మాత్రం తన రహస్యం చెప్పడు. పట్టుకుంటాడు, కొరడాతో కొడతాడు. తర్వాత మనసు మారి మల్లిని కాపాడుతాడు, అది నిజమే. కానీ అసలు సంగతి భీముడికి చెప్పేది రాముడు కాదు, సీత. అర్థం చేసుకోలేకపోయానని ఏడ్చేది దెబ్బలు తిన్న భీముడు! కొట్టినవాడు తప్పు ఒప్పుకునే సీను నాకు కనిపించలేదు. ఆశయం పెద్దది కాబట్టి ద్రోహం చిన్నదైపోయిందని సినిమా మనల్ని ఒప్పిస్తుంది. వెంటనే భుజాల మీద ఎక్కించుకుని ఫైటింగ్ మొదలుపెడుతుంది. మనం చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను.

మరి నిజమైన రామరాజు ఆయుధాలు ఎట్లా తీసుకున్నాడు? మన సాంఘిక శాస్త్రం సారు చెప్పిన తేదీలు చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు మన్యంలోని మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాడు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. పట్టుకుపోయిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాడని చెప్తారు. దొంగతనం చేసినవాడు సంతకం పెడతాడా? నేను చేశాను, నా పేరు ఇది అని చెప్పడమే ఆ సంతకం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. మూటలు, మారువేషాలు లేని ఆ మూడు రోజులు సినిమా కన్నా నాకు గొప్పగా అనిపించాయి.

కల్పన రాసుకునే హక్కు రచయితకు ఉంది. అయినా ఆ పేరు పెట్టుకున్న పాత్ర చేత, స్నేహితుడి ముందు ఒక్కసారి “నేనే చేశాను, తప్పు నాదే” అనిపించి ఉంటే సినిమా ఏం తగ్గేది? ఇంకా పెద్దదయ్యేది. చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే భీముడు చదువు కావాలంటాడు. అది నాకు చాలా నచ్చింది. మూడు గంటల సినిమాలో దానికి ఒక్క నిమిషమే దొరికింది.

సినిమా చూడొద్దని నేను చెప్పను. మళ్లీ వస్తే తప్పకుండా చూడండి. కొరడా సీను తర్వాత ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో మాత్రం గమనించండి.

బాపు దోస్తు ఇప్పటికీ మా పక్క గల్లీలోనే ఉంటాడు. ఎదురైతే తల దించుకుని పోతాడు. “ఆయన వచ్చి చెప్తే మాట్లాడతావా బాపూ?” అని అడిగాను. బాపు కాసేపు ఏమీ అనలేదు. “చాయ్ పెట్టమని మీ అమ్మకు చెప్తా” అని రాత్రిపాళికి బయల్దేరాడు.