పట్టికలో ఉన్నాం, చరిత్రలో లేం

మన ప్రాంతం నుంచి ఎవరు ఎప్పుడు ఎమ్మెల్యే అయ్యారని ఇవాళ మన పిల్లలు ఊరి పెద్దలను అడగడం లేదు, ఫోనులో వెతుకుతున్నారు. వెతికితే ముందుగా కనిపించేది వికీపీడియా. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను పైసా తీసుకోకుండా ఔత్సాహికులు రాస్తున్నారు. పాడేరు, సాలూరు, ఇల్లందు, భద్రాచలం, ఆసిఫాబాద్ వంటి మన స్థానాలకు పేజీలు పెట్టింది వాళ్లే. ఏ ఏడు ఎవరు గెలిచారో, ఎవరి మీద గెలిచారో, ఎన్ని ఓట్లు వచ్చాయో లెక్కలు తిరగేసి వరసగా నింపారు. అది చిన్న పని కాదు. ఆ శ్రమను గౌరవిస్తూనే కొన్ని మాటలు చెప్పదలచుకున్నాం.

ఆ పేజీల్లో మన ఉనికి చాలావరకు ఒక గడిలో రెండక్షరాలు: ఎస్టీ. ఆ స్థానం ఎప్పుడు రిజర్వు అయింది, దాని హద్దులు ఎలా మారాయి, ఆ మార్పుతో మన ఓటుకు ఏమైంది అన్నవి పట్టికలో పట్టవు. ప్రాతినిధ్యం చరిత్ర అంటే అసలు అదే కదా! మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది 1957 నాటిది. అప్పట్లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. ఒక సీటు ఎస్టీలకు, ఒకటి జనరల్. ఎస్టీ సీటు బిడ్డిక సత్యనారాయణకు వెళ్లగా, జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకే దక్కింది. ఓడిపోయింది వి.వి. గిరి. ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటు తీసుకోకూడదని, సూరిదొర క్షత్రియుడినని చెప్పుకున్నాడు కాబట్టి అసలు ఎస్టీయే కాదని గిరి వాదించారు. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. రిజర్వేషన్ అంటే మనం పోటీ చేయగల చివరి హద్దు కాదని ఆనాడే తేలింది. ద్విసభ్య స్థానాలను 1961లో చట్టం చేసి తీసేశారు. ఈ కథను ఒక కాబోయే రాష్ట్రపతి ఓటమిగా చెప్పుకోవడమే అలవాటు. సూరిదొర గెలుపుగా ఎంతమంది చెబుతున్నారు?

రెండోది 2008 పునర్విభజన. 2009 ఎన్నికల నాటికి నాగూరు, చింతపల్లి, ఎల్లవరం వంటి ఎస్టీ స్థానాల పేర్లు పోయాయి. కురుపాం, అరకు లోయ, రంపచోడవరం వచ్చాయి. లోక్‌సభలో పార్వతీపురం, భద్రాచలం పోయి అరకు, మహబూబాబాద్ వచ్చాయి. కొత్త పేరు మీద పట్టిక 2009లో మొదలైతే, అంతకు ముందు ఆ కొండల వాళ్లకు ఎమ్మెల్యేయే లేడని చదివే పిల్లవాడు అనుకుంటాడు. పాత పేజీని, కొత్త పేజీని కలిపే నాలుగు వాక్యాలు చాలు.

మూడోది 2014. ఏప్రిల్ 30న భద్రాచలం నియోజకవర్గం సున్నం రాజయ్యను గెలిపించింది. ఆ వెంటనే పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం కూడా అటే పోయింది. ఆ ప్రజలు ఓటేసింది తెలంగాణ శాసనసభకు, బతుకుతున్నది ఆంధ్రప్రదేశ్‌లో. 2019లో రంపచోడవరంలో ఓటేసేదాకా, తమను పాలిస్తున్న రాష్ట్రపు శాసనసభలో వాళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. పట్టికలో మాత్రం అది ఒక వరస: పేరు, పార్టీ, ఓట్లు.

అచ్చయిన ఆధారం లేనిదే రాయకూడదన్నది వికీపీడియా నియమం. మన చరిత్ర పెద్దల నోట ఉంది కాబట్టి అక్కడ చోటు లేదని కొందరంటారు. అది సగం నిజం. పైన చెప్పిన మూడూ కోర్టు తీర్పులో, గెజిట్‌లో, పార్లమెంటు చేసిన సవరణ చట్టంలో అచ్చయి ఉన్నవే. ఆధారం ఉంది. అది వెతికి పెట్టే మనిషే లేడు.

మిగతా సగం మన పని. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలవే. ఆ సర్పంచ్‌లు, అందులో మన ఆడవాళ్లు, ఏ గ్రామసభలో దేనికి ఎదురు నిలిచారో చెప్పే అచ్చు కాగితం దాదాపు లేదు. బడి పత్రికలోనో, ఇలాంటి సంకలనంలోనో తేదీలతో, చెప్పినవారి పేర్లతో అచ్చు వేస్తే రేపు ఎవరైనా ఆధారంగా చూపే వీలుంటుంది.

ఉపాధ్యాయ మిత్రులు ఒక్కో తరగతికి ఒక్కో నియోజకవర్గం అప్పగించవచ్చు. పిల్లలు గెజిట్ చదవాలి, పాత పత్రికలు చూడాలి, రెండు పేరాలు రాయాలి. ఒక్క షరతు: మన నాయకుడని పొగడ్త రాయకూడదు. గెలిచి మన భూమి మాట ఎత్తని వాళ్ల సంగతి కూడా ఆధారంతో రాయాలి. భజన రాస్తే తీసేస్తారు, తీసేయాలి కూడా.

నియోజకవర్గాల గీతలు మళ్లీ గీసే రోజు దూరంలో లేదు. పోయినసారి మన ఊళ్లు ఎటు పోయాయో, మన ఓటు ఎలా చీలిందో రాసి లేకపోతే, ఈసారి ఏ కాగితం చూపించి అడుగుతాం?