పటం కింద పునాది మార్చిన తీరు

పెద్ద అప్‌గ్రేడ్ అంటే సాధారణంగా కొత్త హంగులు. రంగులు మారతాయి, బటన్లు చోటు మారతాయి, నాలుగు రోజులు జనం తిట్టుకుని తర్వాత అలవాటు పడతారు. 2009 ఏప్రిల్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు జరిగిన అప్‌గ్రేడ్ మాత్రం పైకి దాదాపు ఏమీ కనబడనిది. పటం చూసేవాళ్లకు అంతకుముందు ఉన్న వీధులే ఆ తర్వాతా ఉన్నాయి. అడుగున డేటాబేస్ మారింది, దానితో మాట్లాడే పద్ధతి మారింది, పటం గీసే ప్రోగ్రాములన్నీ మారాయి. ఏపీఐ 0.6 అని ఆ కొత్త పద్ధతికి పేరు. ఆ ప్రణాళికలోని పనితనం చూస్తే, సాఫ్ట్‌వేర్‌లోనూ మేస్త్రీలుంటారని ఒప్పుకోవాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ పటాలు వాడుకోవాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది, పైగా సవాలక్ష షరతులు. మన పటం మనమే గీసుకుందామన్న అభిరుచి గలవాళ్లు జీపీఎస్ పరికరాలు పట్టుకుని సెలవు రోజుల్లో వీధులు తిరిగారు. అలా వచ్చిన సమాచారం నిలిచే చట్రం చాలా చిన్నది. భూమ్మీద ఒక బిందువు నోడ్. కొన్ని నోడ్లను వరసగా కలిపితే వే: రోడ్డో, కాలువో, భవనం గోడో. వీటిని గుంపుగా చేర్చితే రిలేషన్: బస్సు రూటు, జిల్లా సరిహద్దు లాంటివి. ప్రతిదానికీ ట్యాగులు తగిలించవచ్చు: పేరు ఇది, రకం ఇది, వన్‌వే అవునా కాదా.

నోడ్‌ను దాచిన పద్ధతి కాసేపు ఆగి చూడదగింది. చార్మినార్ సుమారు 17.3616 ఉత్తర అక్షాంశం, 78.4747 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డేటాబేస్‌లో ఈ దశాంశాలు ఉండవు. ప్రతి సంఖ్యనూ కోటితో గుణించి 173616000, 784747000 అని పూర్ణాంకాలుగా దాస్తారు. కోటే ఎందుకు? రేఖాంశం గరిష్ఠంగా 180 డిగ్రీలు. కోటితో గుణిస్తే 180 కోట్లు. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టేది 214 కోట్ల పైచిలుకు. పది కోట్లతో గుణించి ఉంటే పట్టేది కాదు. ఇలా దాచినప్పుడు మిగిలే సూక్ష్మత భూమధ్యరేఖ దగ్గర ఒక సెంటీమీటరు పైచిలుకు. చేతి జీపీఎస్ తప్పు మీటర్లలో ఉంటుంది కాబట్టి ఆ సెంటీమీటరు ధారాళంగా సరిపోతుంది. ఉన్న చోటును చివరిదాకా వాడుకుని, అవసరానికి మించి ఒక్క బిట్ కూడా అడగని లెక్క ఇది. ఈ లెక్కను అప్‌గ్రేడ్‌లో ఎవరూ ముట్టుకోలేదు. ఏది కదపకూడదో తేల్చుకోవడం కూడా ప్రణాళికే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, జనం పెరగడంతో. పాత 0.5 పద్ధతిలో ఒక రోడ్డును సేవ్ చేస్తే సర్వర్ ఆ రోడ్డు రికార్డు మొత్తాన్నీ కొత్తదానితో మార్చేసేది. విజయవాడలో ఒక రోడ్డును ఇద్దరు ఒకేసారి తెరిచారనుకుందాం. ఒకరు పేరు చేర్చి సేవ్ చేశారు. రెండోవారి తెర మీద పేరు లేని పాత కాపీయే ఉంది. వారు వన్‌వే అని చేర్చి సేవ్ చేశారు. పేరు ఎగిరిపోయింది. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరికీ హెచ్చరికా రాలేదు. దీనికి తోడు అప్పటి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పట్టికల్లో చాలావి ట్రాన్సాక్షన్లు లేని రకం. వంద మార్పులు పంపుతుండగా యాభయ్యో దాని దగ్గర నెట్ పోతే, సగం లోపల, సగం బయట.

మొదటి చిక్కుకు తాళం వేయడం ఒక మార్గం: ఒకరు తెరిస్తే రెండోవారికి తలుపు మూసేయడం. జీతగాళ్లుండే ఆఫీసులో అది నడుస్తుంది. సరదాకు పనిచేసేవాళ్లు రోడ్డు తెరిచి భోజనానికి వెళ్తారు, కరెంటు పోతే వారం తర్వాత వస్తారు. తాళం అలాగే ఉండిపోతుంది. 0.6 రూపకర్తలు తాళం వేయలేదు, నంబరు వేశారు. ప్రతి నోడ్‌కూ, వేకూ, రిలేషన్‌కూ ఒక వెర్షన్ నంబరు. ఇద్దరూ తెరిచినప్పుడు ఆ రోడ్డు వెర్షన్ 7. మొదటివారు సేవ్ చేస్తూ ‘నేను 7ను సవరిస్తున్నాను’ అని చెబుతారు. సర్వర్ దగ్గరా 7 ఉంది కాబట్టి మార్పు చేరి, నంబరు 8 అవుతుంది. రెండోవారు కూడా 7 అనే చెబుతారు. సర్వర్ దగ్గర ఇప్పుడు 8 ఉంది. కుదరదంటూ 409 నంబరు తప్పు తిప్పి పంపుతుంది. పొలం కొనేముందు తీయించిన ఈసీ పాతదైతే రిజిస్ట్రేషన్ ముందు మళ్లీ తీయించుకు రమ్మన్నట్టే ఇదీ.

ఆ తిరస్కారంలో కూడా మర్యాద ఉంది. ఏ వేలో గొడవ వచ్చింది, మీరిచ్చిన వెర్షన్ ఎంత, సర్వర్ దగ్గరున్నది ఎంత అనే మూడూ సందేశంలో ఉంటాయి. ఎడిటర్ ప్రోగ్రాముకు ఆ మూడు చాలు. కొత్త కాపీ తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఉంచమంటారని మనిషిని అడగగలదు. 412 అని ఇంకో తిరస్కారం ఉంది. ఒక రోడ్డు ఇంకా ఆనుకుని ఉన్న నోడ్‌ను ఎవరైనా తీసేయబోతే అది వస్తుంది. నా దృష్టిలో 0.6లో అసలైన అందం ఈ కాదనడంలోనే ఉంది. పాత సర్వర్ ఎవరి పాత కాపీకైనా తలూపేది.

రెండో చిక్కుకు విరుగుడు ఇంకా ముచ్చటైనది. మార్పులన్నీ ఒకే మూటగా పంపవచ్చు: చేర్చేవి, సవరించేవి, తీసేసేవి. సర్వర్ ఆ మూటను ఒకే ట్రాన్సాక్షన్‌లో విప్పుతుంది. చేరితే అన్నీ చేరతాయి, ఒక్కటి తప్పినా ఏదీ చేరదు. ఇక్కడ చిన్న పేచీ ఉంది. కొత్త రోడ్డు గీస్తే అందులో కొత్త నోడ్లుంటాయి. నోడ్ నంబర్లు ఇచ్చేది సర్వర్. మూట కట్టేటప్పటికి ఆ నంబర్లు ఇంకా పుట్టలేదు. మరి రోడ్డు తన నోడ్లను ఏ పేరుతో పిలవాలి? రుణ సంఖ్యలతో. నోడ్లకు -1, -2, -3 అని, రోడ్డుకు -4 అని తాత్కాలిక నంబర్లు పెట్టి, ‘-4 అనే రోడ్డు -1, -2, -3 మీదుగా పోతుంది’ అని రాసి పంపుతారు. అసలు నంబర్లు ఎప్పుడూ ధనాత్మకమే కనుక రెండూ కలిసిపోయే ప్రమాదం లేదు. సర్వర్ ఒక్కో నోడ్‌కూ నిజమైన నంబరు ఇస్తూ, రోడ్డు దగ్గరికి వచ్చేసరికి వాటిని మార్చి రాసి, చివర్లో ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో, వెర్షన్ ఎంతో జాబితా తిరిగి ఇస్తుంది. అదనపు సామగ్రి ఏదీ లేదు. ఒక్క మైనస్ గుర్తుతో పని అయిపోయింది.

ఈ మార్పులన్నీ ఎవరు, ఎందుకు చేశారో కట్టిపెట్టే కట్ట చేంజ్‌సెట్. ‘వర్షాకాలంలో మునిగే కల్వర్టులు గుర్తించాను’ అన్నట్టు వ్యాఖ్య రాసుకోవచ్చు. గంటసేపు కదలిక లేకపోతే కట్ట దానంతట అదే మూతపడుతుంది, 24 గంటలకు మించి తెరిచి ఉండదు. మొదట్లో ఒక కట్టలో 50,000 మార్పులు పట్టేవి, తర్వాత దాన్ని 10,000కు తగ్గించారు.

ఇక ప్రణాళిక సంగతి. కొన్నాళ్లు 0.5, 0.6 పక్కపక్కనే నడిపితే సులువు కదా అనిపిస్తుంది. కుదరదు. వెర్షన్ అడగని తలుపు ఒక్కటి తెరిచి ఉన్నా, రెండో తలుపు దగ్గర చేసిన తనిఖీ అంతా వృథా. అందుకే ఒకే గడువులో పాతది మూసి కొత్తది తెరవాల్సిందే. అప్పట్లో బ్రౌజర్‌లో నడిచిన పాట్‌లాచ్ ఎడిటర్ సైటుతో పాటే మారేది, దానితో ఇబ్బంది లేకపోయింది. జోసమ్ అనే ఎడిటర్ అలా కాదు. అది ఎవరి కంప్యూటర్‌లో వారు పెట్టుకున్న ప్రోగ్రాము. ప్రపంచమంతా ఒకే రోజు కొత్తది దించుకోవాలని ఆశించలేం. దానికి చేసిన ఉపాయం ఇది: తాను ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా మాట్లాడగలనో సర్వర్ ముందే ప్రకటిస్తుంది. జోసమ్‌కు రెండు భాషలూ ముందుగానే నేర్పి పెట్టారు. ముందుగా అది సర్వర్ ప్రకటన చదివి, 0.6 ఉంటే అది, లేకపోతే 0.5 ఎంచుకునేది. మరీ పాత ప్రోగ్రాము వాడేవారి సంగతి? అడ్రసులోనే వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి, 0.5 అడ్రసుకు వెళ్లినవారికి తలుపు మూసి ఉంటుంది. పని ఆగుతుంది, పటం మాత్రం పాడవదు.

అన్నిటికన్నా ఓపిక అడిగింది పాత డేటా. అంతకుముందు నోడ్ ట్యాగులన్నీ ఒకే గడిలో సెమికోలన్లతో గుచ్చిన దండలా ఉండేవి. వాటిని విడదీసి వేరే పట్టికలో ఒక్కో ట్యాగుకు ఒక్కో వరస ఇవ్వాలి. పాత సవరణలను కాలక్రమంలో పేర్చి 1, 2, 3 అని వెర్షన్లు ఇవ్వాలి. సైటు రాసింది రూబీలో. ఈ ఒక్క పనికి మాత్రం పక్కన సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. కోట్ల వరసల మీద నడిచే పనిలో వేగం అక్కరకొస్తుంది. అది డేటా చదివి సాదా ఫైళ్లుగా పోస్తుంది, డేటాబేస్ ఆ ఫైళ్లను గంపగుత్తగా ఎత్తుకుంటుంది. 2007, 2008 నాటి సవరణలకు కూడా ఈ రోజు చేంజ్‌సెట్ నంబర్లు కనిపిస్తాయి. అప్పట్లో చేంజ్‌సెట్ అన్న మాటే లేదు, అవి తర్వాత కట్టిన కట్టలు. వ్యాఖ్యలు మాత్రం ఖాళీ. రాయని మాటను కల్పించకుండా వదిలేయడం నిజాయితీ.

అదే అదనులో మైఎస్‌క్యూఎల్ వదిలి పోస్ట్‌గ్రెస్‌కు మారారు. రెండు పెద్ద పనులు ఒకేసారి పెట్టుకోకూడదని ఎవరైనా చెబుతారు. ఇక్కడ మాత్రం కారణం గట్టిది: మూట మొత్తం చేరాలి లేదా మొత్తం వెనక్కి పోవాలి అన్న హామీ డేటాబేస్ దన్ను లేకుండా ఇవ్వలేరు. సైటును ‘ఆన్‌లైన్’, ‘చదవడానికి మాత్రమే’, ‘మూత’ అనే స్థితుల్లో పెట్టే వీలు కూడా కోడ్‌లోనే ఉంది. పటం బొమ్మలు వేరే సర్వర్ నుంచి వచ్చేవి కాబట్టి, గీయడం ఆగిన ఆ రోజుల్లోనూ పటం చూసేవారికి ఆటంకం లేదు.

తెలుగువారికి సంబంధించిన ఒక మూల కూడా ఇందులో ఉంది. 0.6లో ట్యాగు విలువకు హద్దు 255 అక్షరాలు. బైట్లు కాదు, యూనికోడ్ అక్షరాలు. కొత్తగూడెం మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు గుణింతాలు, పొల్లు, సున్న విడివిడిగా లెక్క, మొత్తం పది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున ముప్పై. హద్దు బైట్లలో పెట్టి ఉంటే ఇంగ్లిష్ పేరుకు దొరికే చోటులో మూడో వంతే తెలుగు పేరుకు దక్కేది. సర్వర్ ప్రతి విలువనూ సరైన యూటీఎఫ్-8 అవునో కాదో చూసి గానీ లోపలికి రానివ్వదు, కాబట్టి అక్షరం మధ్యలో తెగిన ముక్కలు చేరవు. తెలుగు పేర్లు ‘నేమ్:టీఈ’ ట్యాగులో ఉంటాయి. రిలేషన్‌లో సభ్యులకు వరస ఉండాలన్న నియమం కూడా 0.6దే. బస్సు రూటులో ఏ స్టాపు తర్వాత ఏదో అప్పటి నుంచి నిలకడగా చెప్పగలుగుతున్నారు.

2013 ఫిబ్రవరిలో నోడ్ నంబర్లు 214 కోట్లు దాటి 32 బిట్లకు అందకుండా పోయాయి. అసలు డేటాబేస్‌లో నంబర్ల గడి 64 బిట్లది కావడంతో దానికి ఏమీ కాలేదు. చుట్టూ ఉన్న చిన్నాచితకా ప్రోగ్రాముల కోసం ముందుగా హెచ్చరికలు వెళ్లాయి. 0.7లో ఏమేం ఉండాలన్న కోరికల జాబితా ప్రాజెక్టు వికీలో ఏళ్లుగా ఉంది. అడ్రసులో మాత్రం ఇప్పటికీ 0.6 అనే ఉంటుంది.