‘విక్రమసింహ’: తార దేహం, పరస్వరం

రజనీకాంత్ కథానాయకుడిగా సౌందర్య రజనీకాంత్ దర్శకత్వంలో 2014 మే 23న విడుదలైన తమిళ యానిమేషన్ చిత్రం ‘కొచ్చడయాన్’కు తెలుగు రూపం ‘విక్రమసింహ’. తండ్రి మరణానికి కుమారుని ప్రతీకారం, రాకుమారితో ప్రేమ, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం ఇందులోని ప్రధానాంశాలు. దీని ఆదరణను అనువాద కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2011లో రజనీకాంత్ అనారోగ్యం వల్ల ‘రాణా’ చిత్రం నిలిచిపోయాక ఈ ప్రయత్నం రూపుదిద్దుకొంది. నటుల దేహాలపై గుర్తులు అమర్చి కదలికలను నమోదు చేసే మోషన్ క్యాప్చర్ పద్ధతిని అనుసరించారు. 2009లో మరణించిన నాగేశ్‌ను సైతం తెరపై పునఃసృష్టించారు.

అయితే ఈ పద్ధతి కీళ్ల కదలికను పట్టుకొన్నంతగా కనుచూపును పట్టుకోలేదు. శివతాండవ ఘట్టంలో దేహగతి నిలిచింది. శృంగారానికి ముఖ్య అనుభావమైన కటాక్షం మాత్రం జారిపోయింది. అందుకే దీపికా పదుకొణెతో ప్రేమ సన్నివేశాల భారమంతా పాటలపై పడింది. యానిమేషన్ నాణ్యతపై విమర్శకుల అసంతృప్తికి మూలం ఇదే.

తమిళంలో ఆ లోటును నటుని సొంత గొంతు కొంత పూడ్చింది. తెలుగు ప్రేక్షకులు ఇతరుల గాత్రాన్ని ఇన్నేళ్లుగా ఆమోదించింది ఆయన ముఖాన్ని చూసి. ఇక్కడ ముఖం బొమ్మది, స్వరం పరాయిది. తమిళనాడు సరిహద్దున ఉన్న కుప్పం వంటి చోట, రెండు భాషలూ తెలిసినవారు ఈ భేదాన్ని సులభంగా గుర్తించగలరు.

కనుక సాంకేతిక లోపాన్ని మాత్రమే ఎత్తిచూపే విమర్శ తమిళ రూపానికి సరిపోవచ్చు, తెలుగు రూపానికి చాలదు. అనువాద చిత్రాన్ని మూలానికి నీడగా కాక ప్రత్యేక పాఠంగా చదవడం అవసరం.