తేదీ రాసి పెట్టండి

పరీక్షకి నీళ్ళు పట్టే సీసాలు మోసుకుంటూ దివిసీమ ఊళ్ళు తిరిగే రోజుల్లో, కోడూరు వైపు ఒక మంచినీళ్ళ చెరువు గట్టున ఓ పెద్దామె నన్ను నిలదీసింది. "ఇప్పుడొచ్చి పట్టుకెళితే ఏముంటుంది బాబూ? మొన్న చేలల్లో మందు కొట్టినప్పుడు నీళ్ళు కంపు కొట్టాయి. అప్పుడు రావాల్సింది."

కాలుష్యానికీ జబ్బుకీ ఉన్న లంకె వెతికేవాళ్ళ కష్టమంతా ఆ మాటలోనే ఉంది. లోహాల కోసమైతే ప్లాస్టిక్ సీసాలో పట్టి కాస్త నత్రికామ్లం కలపాలి, లేకపోతే లోహం సీసా గోడకి అంటుకుపోతుంది. పురుగుమందు కోసమైతే ముదురు రంగు గాజు సీసా, ఐసు పెట్టె. ఐసు కరిగేలోగా అవనిగడ్డలో బందరు బస్సు అందుకోవాలి. ఇదంతా చేతికి అలవాటవుతుంది. దాటిపోయిన రోజు మాత్రం దొరకదు. కాలవ నీరు సముద్రం చేరిపోతుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందుల జాడ మూత్రంలో కొద్దిరోజులే ఉంటుంది. రక్తంలోని సీసం నెలరోజుల్లో సుమారు సగానికి పడిపోతుంది, కొంత ఎముకల్లోకి చేరి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది.

కొల్లేటి ఆవల ఉన్న ఏలూరు సంగతే చూడండి. 2020 డిసెంబరు మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోయారు. బాధితులు ఆరువందలు దాటారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చన్నారు. నీళ్ళలోంచా, కూరగాయల్లోంచా, ఏ దారిన ఒంట్లోకి వెళ్ళాయో అప్పటికి తేలలేదు. పెద్ద సంస్థలన్నీ వచ్చాయి, శ్రద్ధగానే పనిచేశాయి. కానీ జబ్బు పడకముందు అదే మనిషి రక్తంలో సీసం ఎంతుందో, అదే కుళాయి నీళ్ళు అంతకుముందు నెలలో ఎలా ఉన్నాయో తెలియకపోతే, కనిపించిన అంకెను దేనితో పోల్చాలి?

అందుకే ఆసుపత్రి నిండాక చేసే పరీక్షకన్నా, ఏ జబ్బూ లేని నెలల్లో అదే చెరువులో, అదే రేవులో మళ్ళీ మళ్ళీ పట్టే సీసా విలువైనదని నా నమ్మకం. దానికి పేరు రాదు, డబ్బు అసలే రాదు. అయినా డెల్టా చివర ఊళ్ళకి అది మరీ అవసరం. భూమిలో ఉప్పునీరు కాబట్టి కాలవ వదిలినప్పుడు చెరువు నింపుకుని ఎండాకాలమంతా ఆ నీళ్ళే తాగుతాం.

మీ ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంటుందిగా. చెరువు నీళ్ళు రంగు మారినా, వాసన వచ్చినా, చేపలు తేలినా ఆ తేదీ దాని మీద రాయండి. పక్క చేలో ఏ మందు కొట్టారో కూడా అడిగి రాయండి. సీసా పట్టుకుని ఎవరైనా వచ్చినప్పుడు ముందు ఆ క్యాలెండరు చూపించండి.