కపోతవర్ణం

గోదావరిఖనిలో షిఫ్టు ముగించుకుని బొగ్గు బాయి నుంచి పైకొచ్చిన కార్మికుడి ముఖం ఏ కెమెరాకైనా పరీక్షే. ఎదురుగా ఏమున్నా సగటున 18 శాతం వెలుగును తిప్పిపంపే బూడిద రంగేనని లోపలి మీటరు లెక్క. బొగ్గును చూపిస్తే వెలుతురు చాలలేదనుకుని పెంచేస్తుంది, నలుపు పాలిపోతుంది. చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫర్ ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు స్టాపులు దించుతాడు. అప్పుడు గానీ బొగ్గు బొగ్గులా కనబడదు.

అలా దించి తీసిన ముఖాన్ని తీరిగ్గా చూడండి. హెల్మెట్ అంచు దాకా మసి. దాన్ని చీల్చుకుని జారిన చెమట గీతలు. స్నానం చేసినా వదలక, రెప్పల అంచున కాటుకలా నిలిచే బొగ్గుపొడి. నడుమ తెల్లగుడ్డు, అందులో మెరిసే చుక్క. గంటల తరబడి క్యాప్ ల్యాంప్ వెలుగే దిక్కైన ఆ కంట్లోకి దిగిన ఆకాశం అది.

నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది. భయానకానికి నలుపు, కరుణకు పావురపు బూడిద వన్నె, వీరానికి గౌరం. ఈ ముఖంలో మూడూ ఉన్నాయి: కంటిగుంటల్లో భయానకం, మసి పలచబడ్డ చెంపల్లో కరుణ, దవడ ఎముక మీది మెరుపులో వీరం. మీటరు మాట వింటే మిగిలేది ఒక్క బూడిదే, ఉత్త జాలి. 1989లో ధన్‌బాద్ గని కార్మికులను ఫొటోలు తీసిన ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సాల్గాడో ఆ జాలికి లొంగలేదు. కష్టాన్ని మరీ అందంగా చూపాడని ఆయన్ను తప్పుపట్టినవారున్నారు. కానీ ఆ అందమే చూపును కట్టిపడేస్తుంది. జాలి తలతిప్పుకుని పోతుంది.

చిత్రాల నాణ్యత తేల్చే ప్రయోగశాలల్లో చూపరులచేత 1 నుంచి 5 దాకా మార్కులు వేయించి సగటు తీస్తారు. మీటరు బొగ్గుకు చేసిందే ఈ సగటు మనసులకూ చేస్తుంది. సింగరేణి క్వార్టర్‌లో ఇదే ఫొటో చూసి కొడుకు నాన్న చూపులోని ధీమాకు పొంగిపోవచ్చు. నాయనమ్మకు ఎప్పుడో బండ పడ్డ కబురు గుర్తొచ్చి గుండె జల్లుమనవచ్చు. ఆ రెంటినీ కూడి రెండుతో భాగిస్తే వచ్చేది ఎవరి అనుభవమూ కాదు. 2017లో గూగుల్ పరిశోధకులు ‘నిమా’ అనే నమూనాతో సగటును పక్కనపెట్టి, మార్కులు ఎలా చెదురుతాయో అంచనా కట్టారు. రసజ్ఞుడి దారికి అది కాస్త దగ్గర. అందరూ ‘బాగుంది’ అని దాటిపోయే ఫొటో కన్నా, ఒకే ఇంట్లో ఒకరిని పొంగించి ఒకరిని వణికించిన ఫొటోకే నా పెద్దపీట.