దండకం అడవి అయిన వైనం: ఒక నవలిక, ఒక తీర్పు, ఒక జాతకం

నాగరికుడు అడవిలో అడుగుపెట్టి ఆటవికుడు కావడం ఐరోపా సాహిత్యంలో బలమైన ఇతివృత్తం. 1899లో వెలువడిన జోసెఫ్ కాన్రాడ్ నవలిక ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ అందుకు ప్రసిద్ధ నిదర్శనం. అందులో దంతపు వర్తక సంస్థ ప్రతినిధి కుర్ట్జ్, కాంగో ప్రజలను సంస్కరించడంపై ఉదాత్తమైన నివేదిక రాసి, దాని చివర వారి నిర్మూలనను కోరుతాడు. హింస అతని వెంట వచ్చినదేనని ఈ ఘట్టం చెబుతుంది. అయినా కథకుడు మాత్రం ఆ పతనానికి కారణాన్ని అరణ్యపు ఆకర్షణలోనే వెదకుతాడు.

ఈ నవలిక బస్తర్ చరిత్రలోనూ చేరింది. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాన్రాడ్‌ను స్మరించి మూడు చీకట్లను పేర్కొంది: అరణ్యపు చీకటి, వనరుల కోసం సాగే వలస విస్తరణ చీకటి, జవాబుదారీ లేని అధికారం దక్కిన మనిషి దిగజారే అమానుషత్వపు చీకటి. ఆ ఏడాది మార్చిలో ఇళ్లు తగలబడిన మోర్పల్లి, తాడ్‌మెట్ల, తిమ్మాపురం గ్రామాల ఘటనలపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. నాడు దంతేవాడ జిల్లాలో ఉన్న ఆ గ్రామాలు, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలోకి వచ్చాయి.

ఈ మూడింటిలో ఏది ముందు? నవలిక తేల్చని ఈ ప్రశ్నకు పాళి వాఙ్మయంలో సమాధానం ఉంది. మజ్ఝిమనికాయంలోని ఉపాలిసుత్తంలో బుద్ధుడు దండకం, కాళింగం, మేజ్ఝం, మాతంగం అనే అరణ్యాలు ఎట్లు అరణ్యాలైనవో విన్నావా అని ఉపాలిని ప్రశ్నిస్తాడు. ఋషుల మనోద్వేషం వల్లనని ఉపాలి బదులిస్తాడు. కాయకర్మ కంటే మనోకర్మ బలీయమని నిరూపించే దృష్టాంతమిది.

సరభంగజాతకం ఆ రాజ్యనాశనాన్ని కథగా విస్తరిస్తుంది. కుంభవతీ నగరాన్ని దండకి పాలిస్తుంటాడు. రాజాదరణ కోల్పోయిన ఒక గణిక తాపసుడైన కిసవచ్ఛుని మీద ఉమ్ముతుంది. మళ్లీ ఆదరణ దక్కగానే అది ఆ పని ఫలమేనని నమ్ముతుంది. పురోహితుడు ఆమెను అనుకరిస్తాడు. యుద్ధానికి బయలుదేరిన రాజు సేనతో సహా అదే చేస్తాడు. సేనాపతి హెచ్చరించినా వినడు. రాజ్యం నశిస్తుంది. ఒకరికి లాభించిన క్రౌర్యం మరొకరికి ఆదర్శమై, చివరకు రాజ్యాచారంగా మారిన క్రమాన్ని జాతకం నిశితంగా చూపింది. ఉత్తరకాండలోనూ శుక్రుని కుమార్తె అరజపై దండుడు చేసిన అత్యాచారమే దండకారణ్యానికి మూలం. రెండు కథలలోనూ పతనం రాజ్యంలోనే మొదలవుతుంది. అడవి దాని ఫలితం. తీర్పులోని మూడవ చీకటి ఈ కథలకే దగ్గరగా ఉంది.

అయితే ఈ సంప్రదాయాన్నీ విమర్శించక తప్పదు. కాన్రాడ్ ఆఫ్రికాను మనుషులు లేని రంగస్థలంగా మార్చాడని చినువా అచెబె 1975 ప్రసంగంలో ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ జాతకానికీ వర్తిస్తుంది. అందులోని దండకం ఒక రాజ్యపు శిథిలం మాత్రమే. శబరీ తీరంలో నేడు నివసించే కోయ, దొర్లల వంటి వనవాసులకు ఆ కథలో చోటు లేదు. అడవిని శాపఫలంగా భావించే పాఠకునికి అడవి మనిషి కూడా శాపగ్రస్తుడిగానే కనబడే ప్రమాదముంది.

పురావస్తు ఆధారాలు వేరొక చిత్రాన్ని ఇస్తాయి. నేటి ఒడిశాలోని పోడాగఢ్ శాసనం, శూన్యమైన పుష్కరీ నగరాన్ని నలరాజు స్కందవర్మ తిరిగి జనావాసంగా చేశాడని చెబుతుంది. కొండగాఁవ్ జిల్లా భోంగాపాల్‌లో ఇటుకల చైత్యపు అవశేషాలు, బుద్ధ విగ్రహం ఉన్నాయి. ఈ నేలపై ఊరు పాడుపడి మళ్లీ వెలిసింది. అడవి నడుమ ఆరాధన సాగింది. నాగరికతకూ అడవికీ మధ్య కథలు గీసిన గీత ఇక్కడ నిలవదు.

కుంభవతి ఎక్కడున్నదని సరభంగజాతకాన్ని అడగడం వల్ల ఒరిగేది స్వల్పం. సేనాపతి మాట ఎందుకు చెల్లలేదని, దహనానంతరం అక్కడ మిగిలిన మనుషులెవరని అడగాలి. తాడ్‌మెట్ల వంటి ఊళ్లున్న నేలను దండకారణ్యమని పిలిచేవారికి ఆ రెండవ ప్రశ్న తప్పదు.